లోపల నిలిచి చూచు భూగోళము

భూగోళశాస్త్రము బోధించు నుపాధ్యాయునకు రెండు సాధనములు గలవు. ఒకటి గోడకు వ్రేలాడు పటము. రెండవది బల్లమీది గోళము. రెండును సత్యమునే చెప్పును గాని, ఏ యొక్కటియు పూర్ణసత్యమును చెప్పజాలదు. గోడపటము భూమినంతను ఒక్కసారిగా కన్నులయెదుట పరచును. కాని గుండ్రని వస్తువును చదును చేయునపుడు ఎక్కడనో యొకచోట సాగదీయక తప్పదు. బత్తాయిపండు తొక్కను ఒలిచి బల్లమీద పరచుటకు ప్రయత్నించిన బాలునకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. నావికుల యుపయోగార్థము 1569లో మెర్కేటరు అను భూగోళవేత్త ప్రకటించిన పద్ధతి ననుసరించిన పటములలో, ధ్రువములకు దగ్గరగా నున్న దేశములు మిక్కిలి పెద్దవిగను, భూమధ్యరేఖకు దగ్గరగా నున్నవి చిన్నవిగను కానవచ్చును. అట్టి పటములో గ్రీన్లాండు ద్వీపము ఆఫ్రికాఖండమంత యుండును. నిజమునకు ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. మన భారతదేశపు వైశాల్యము సుమారు 32 లక్షల 87 వేల చదరపు కిలోమీటర్లు. గ్రీన్లాండు 21 లక్షల 66 వేలు మాత్రమే. అయినను ఆ పటము చూచుచు పెరిగిన పిల్లవానికి, జనసంచారము మిక్కిలి స్వల్పమైన ఆ మంచుదిబ్బ యెదుట తన దేశము మరుగుజ్జువలె తోచును. పాఠములో నేమి చెప్పినను, కంటితో ప్రతిదినమును చూచినదే మనస్సున నాటుకొనును.

బల్లమీది గోళము ఈ యబద్ధ మాడదు. కాని దాని లోపము దానికి గలదు. అది ఒకసారి సగముకంటె నెక్కువ చూపదు. ఆ సగములోను అంచులయం దున్న దేశములు ప్రక్కకు వాలి, సన్నగిల్లి కనబడును. ఇండియాను చూచునపుడు అమెరికా వెనుకకు పోవును. అమెరికాను త్రిప్పుకొన్నచో మనము మాయమగుదుము.

ఈ రెండు లోపములును లేని భూగోళ మొకటి అమెరికాదేశమున బోస్టను నగరములో నున్నది. దానిని చూడవలెనన్న దాని లోపలికి పోవలెను. మా కుమార్తెయు అల్లుడును ఆ నగరసమీపమున నుద్యోగములు చేయుచున్నందున, మేము దంపతులము తల్లాడనుండి వెళ్లి వారియొద్ద కొంతకాల ముండు నవకాశము కలిగి, తొమ్మిదేండ్ల మనుమరాలితో కూడ దానిని చూచితిమి. దాని పేరు మాపేరియము. పేరు వినగానే చేపలను పెంచు అక్వేరియమువంటిదని నా భార్య తలచెను. ఆ తలపు అంత దూరపుది కాదు. రెండింటియందును గాజే ముఖ్యము.

దాని చరిత్ర సంగ్రహముగా చెప్పెదను. మేరీ బేకర్ ఎడ్డీ అను స్త్రీ స్థాపించిన క్రిస్టియన్ సైన్సు అను మతశాఖకు బోస్టను కేంద్రము. ఆ శాఖవారి సిద్ధాంతములు, ముఖ్యముగా రోగములను గూర్చియు ఔషధములను గూర్చియు వారు చెప్పునవి, మన సంఘములకు సమ్మతములు కావు. అయినను గోళమును మెచ్చుకొనుటకు అది అడ్డు కానేరదు. ఆమెయే 1908లో “క్రిస్టియన్ సైన్సు మానిటరు” అను వార్తాపత్రికను నెలకొల్పెను. ఆ పత్రికకు నూతనముగా ముద్రణభవనము కట్టించునపుడు, తమ వార్తలు లోకమంతటికిని పోవుచున్నవను నర్థము తోచునట్లు ఏదేని యొక విశేషము దానియం దుండవలెనని కోరిరి. చెస్టరు లిండ్సే చర్చిల్ అను శిల్పి (ఇంగ్లండు ప్రధానమంత్రియైన చర్చిల్ వేరు, ఈయన వేరు) ఈ గాజుగోళమును కల్పించెను. న్యూయార్కులో మరియొక పత్రికాలయమునందు 12 అడుగుల గోళ మొకటి తిరుగుచుండుట చూచి ఆయన దీనిని తలపెట్టెనందురు. 1935 జూను నెలలో ఇది ప్రజలకు తెరువబడినది. నేడిది ఆ భవనములోనే, ఎడ్డీ పేరిట నున్న గ్రంథాలయములో భాగమై యున్నది.

గోళపు వ్యాసము 30 అడుగులు. అనగా మూడంతస్తుల మేడ యెత్తు. కంచుచట్రములలో బిగించిన 608 గాజుపలకలతో అది నిర్మింపబడినది. ప్రతి పలకయు దేవాలయపు కిటికీలలోని రంగుటద్దములవలె చేతితో రంగులు పూసి, కొలిమిలో కాల్చబడినది. వెలుపలనుండి దీపములు వెలిగింపగా లోపల నున్నవారికి సముద్రములు నీలముగను, దేశములు పసుపు, ఎరుపు, ఆకుపచ్చ మొదలగు వన్నెలతోను ప్రకాశించును. పూర్వము వందలకొలది విద్యుద్దీపము లుండెడివట. 2002లో మరమ్మతులు ముగిసి మరల తెరచినపుడు కొత్తరకపు చిన్న దీపములను అమర్చిరి. గోళము నడుమగా ఒక ప్రక్కనుండి రెండవప్రక్కకు 30 అడుగుల గాజువంతెన గలదు. దానిపై నడిచి మధ్యకు పోయి నిలువవలెను. పాదములక్రింద దక్షిణధ్రువ ప్రాంతము, శిరస్సుమీద ఉత్తరధ్రువ ప్రాంతము, చుట్టును సమస్త ఖండములు.

మనుష్యులు గోళములోనికి ప్రవేశించి భూమిని చూచుట ఇదే మొదలు కాదు. లండను నగరమున 1851లో జేమ్సు వైల్డు అను పటకర్త 60 అడుగుల గోళమును కట్టించెను. లోపల మెట్లెక్కుచు, గోడలమీద సుద్దతో ఉబ్బెత్తుగా తీర్చిన కొండలను, నదులను జనులు చూచెడివారు. అది 1862లో పడగొట్టబడినది. మన దేశమున కాశీలో బాబూ శివప్రసాద్ గుప్త కట్టించిన భారతమాతా మందిరమునందు విగ్రహమునకు మారుగా పాలరాతితో చెక్కిన భారతదేశపటము గలదు. 1936 అక్టోబరు 25న గాంధీమహాత్ముడు దానిని ప్రారంభించెను. కాశికి పోవు మన ప్రాంతపువారు గంగలో మునిగి తిరిగి వచ్చెదరు గాని దీనిని చూచినవా రరుదు.

ఇక లోపల నిలుచుటయం దేమి విశేషము? గోళమునకు బయట నున్న కన్నునకు నడిమిభాగము దగ్గర, అంచులు దూరము. గోళపు కేంద్రమునం దున్న కన్నునకో, ప్రతి స్థలమును సమానదూరమే, ఇక్కడ పదునైదడుగులు. ఏ దేశమును వాలి కనబడదు, ఏదియు నకారణముగ పెద్దది కాదు. భూమినంతను వికారములేక చూచుటకు ఇంతకన్న వేరు చోటు లేదు. దేవుడు చేసిన నిజమైన భూమికి కేంద్రమున మన మెట్లును నిలువలేము గనుక, మనుష్యుడు చేసిన భూమిలో నిలుచుట. ఇందులో నొక చమత్కారమున్నది. మామూలు గోళమును గాజుతో చేసి దానిలోపల దూరి చూచితిమేని, అద్దములోవలె తూర్పు పడమరలు తారుమారగును. బొంబాయి కుడివైపునను, కలకత్తా ఎడమవైపునను కనబడును. అందువలన ఈ పలకలను లోపలనుండి చదువువారికొరకే వ్రాసిరి.

ప్రమాణము చెప్పెదను, విద్యార్థులు కాగితము మీద సరిచూచుకొనవచ్చును. భూమి వ్యాసము సుమారు 7,918 మైళ్లు. గోళపు వ్యాసము 360 అంగుళములు. కనుక ఒక యంగుళము 22 మైళ్లకు సమానము. ఈ లెక్కను కాశ్మీరమునుండి కన్యాకుమారివరకు మన దేశము ఏడున్నర యడుగుల పొడవు. గోదావరి తన 1,465 కిలోమీటర్ల ప్రయాణమును 41 అంగుళములలో ముగించును. ఎవరెస్టు శిఖరము ఎత్తు పావు అంగుళము మాత్రమే. ఆ గాజుపలక మందమును దాదాపు అంతయే. ఖమ్మమునుండి తల్లాడకు అంగుళమునకు కొంచెము తక్కువ. తల్లాడనుండి భద్రాచలమునకు, వంకరలు లేక సూటిగా కొలిచినచో, రెండంగుళములలోపు. తల్లాడ పేరు ఆ గాజుమీద లేదు. ఉండునని నేను తలపనులేదు. మనుమరాలు మాత్రము “తాతయ్యా, మన ఊరెక్కడ?” అని పట్టుపట్టగా, తూర్పుతీరమున గోదావరి సముద్రమున కలియుచోటు చూపి, అక్కడనుండి కొంచెము ఎడమకును పైకిని చూడుమంటిని.

ఆమెకు నేనొక ప్రశ్న వేసితిని. బోస్టనునుండి హైదరాబాదునకు దగ్గరిదారి యేది? గోడపటము చూచినవా రెవరైనను అట్లాంటికు సముద్రమును దాటి, స్పెయిను, మధ్యధరా సముద్రము మీదుగా తూర్పునకు గీత గీయుదురు. ఆమెయు అట్లే చెప్పినది. తలయెత్తి ఉత్తరధ్రువమువైపు చూచినచో నిజము బోధపడును. సూటియైన దారి బోస్టనునుండి ఈశాన్యముగ పోయి, గ్రీన్లాండు దక్షిణభాగమును, ఐస్లాండును, స్వీడనును దాటి, రష్యామీదుగ మన దేశమునకు దిగును. ఉత్తరధ్రువవృత్తమును ఇంచుక మించి పోయి వచ్చును. దూరము సుమారు 12,670 కిలోమీటర్లు. గాజుమీద కొలిచినచో ఇంచుమించు ముప్పది యడుగులు, అనగా మేము నిలిచిన వంతెన పొడవంత. మన పాఠశాలలోని పండ్రెండంగుళముల గోళముమీద ఒక దారమును హైదరాబాదు దగ్గర అదిమిపట్టి, రెండవకొనను బోస్టనువద్ద బిగించి లాగుడు. అది తానుగా ఉత్తరమునకు జరిగి ఈ దారినే చూపును. దారము పొడవును పండ్రెండంగుళములకు దగ్గరగా నుండును. పటము మీద వంకరగా తోచునది గోళము మీద సూటి, పటము మీద సూటిగా తోచునది గోళము మీద చుట్టుదారి యగుటకు ఇంతకంటె సులభమైన నిదర్శనము లేదు.

మాపేరియమును కట్టినవారు తలపెట్టని విశేష మొకటి దానికి కలిగినది. గాజు ధ్వనిని పీల్చుకొనక తిరిగి పంపును. గుండ్రని గోడ దానిని చెదరనీయక ఒకచోటికి చేర్చును. గోళమధ్యమున నిలిచి మాటాడినచో అన్నివైపులనుండియు మన మాటయే మన చెవులకు వచ్చును. వంతెన ఒక కొనను గుసగుసలాడినది, నడుమ నున్నవారికి వినబడకపోయినను, రెండవకొన నున్నవారి చెవిలో చెప్పినట్లుండును. గోలకొండలో క్రింది ద్వారమువద్ద చప్పట్లు కొట్టిన పైన బాలాహిసారులో వినబడునని మనమెరుగుదుము. బిజాపూరు గోల్ గుంబజు నెరిగినవారును గలరు. ఇది ఆ జాతిదే. ఈ సంగతి తెలియక నా భార్య ఒక కొనను నిలిచి, “గాజుపెంకులు చూచుటకు అల్లుడు ఇంత సొమ్ము పోసినాడే” అని తనలో తాను గొణుగుకొనెను. ముప్పదడుగుల దూరమునుండి అల్లుడు, “ఫరవాలేదు లెండి అత్తయ్యగారూ, టిక్కెట్టు ఎక్కువేమీ కాదు” అని మెల్లగా బదులు చెప్పెను. ఆమె కొంతసేపు నోరు తెరువలేదు.

ఇప్పటివరకు చెప్పినది గణితము, ధ్వనిశాస్త్రము. నన్ను ఎక్కువసేపు నిలిపినది మరియొకటి. ఆ పటము 1935నాటిది. నేటికిని దానిని మార్చలేదు. సరిహద్దులు మారినపుడు పాతపలకను తీసి కొత్తదానిని బిగించుటకు వీలుగానే చట్రములను చేసిరి. మార్చవలెనా యని ఒకటికంటె నెక్కువ సారులు ఆలోచించి, కడకు ఉన్నదానిని ఉన్నట్లే చరిత్రగా నిలుపుకొనిరి. మంచిపని చేసిరని నా యభిప్రాయము. అందు పాకిస్తాను లేదు, బంగ్లాదేశము లేదు, ఇండోనీషియా లేదు. థాయిలాండునకు సయాము అనియే పేరు. వియత్నాము, లావోసు, కాంబోడియాలు ఫ్రెంచి ఇండోచైనాలో అణగియున్నవి. నేడు 54 స్వతంత్రరాజ్యములు గల ఆఫ్రికాలో ఆనాటి స్వతంత్రదేశములను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. బర్మాదేశము 1937వరకు బ్రిటిషు ఇండియాలోని భాగమే. అన్నిటికంటె, మనదేశము మనది కాదు.

తల్లాడకును భద్రాచలమునకును గాజుమీద రెండంగుళములలోపని చెప్పితిని గదా. 1935లో ఆ రెండంగుళములలో రెండు ప్రభుత్వము లుండెను. తల్లాడ నిజాము హైదరాబాదు సంస్థానములో, వరంగల్లు జిల్లాలోనిది. గోదావరికి ఈవలి యొడ్డున బూర్గంపహాడువరకు నిజాము రాజ్యము. ఆవలి యొడ్డున నున్న భద్రాచలమును 1860లో నిజాము ఇంగ్లీషువారికి ఒప్పగించినందున అది చెన్నరాజధానిలో గోదావరి జిల్లాకు చేరి, పిదప తూర్పుగోదావరి జిల్లాలో నుండెను. ఇక్కడ హాలీ సిక్కా, అక్కడ కల్దారు రూపాయి. ఇక్కడ కచ్చేరీలో ఉర్దూ, అక్కడ ఇంగ్లీషు. సరకు దాటవలెనన్న నిజాము కరోడ్గిరి వారికి సుంకము చెల్లింపవలెను. శ్రీరామనవమికి పడవలో గోదావరిని దాటిన యాత్రికుడు ఒక రాజ్యమునుండి మరియొక రాజ్యమునకు పోయెడివాడు. నది రెండు తీరములను నివసించు కోయలు మాత్రము ఒకే భాష మాటాడుచుండిరి. బోస్టనులో గాజుపలకను కాల్చిన పనివానికి ఇదేమియు తెలియదు. తెలిసినను అంత చిన్నచోట దానిని వ్రాయుటకు వీలులేదు.

ఆ గీతల తరువాతి కథ చదువరులలో పెద్దలెరిగినదే. 1948లో సంస్థానము భారతదేశమున చేరెను. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడెను. 1956లో ఆంధ్రప్రదేశము అవతరించిన పిదప, 1959లో భద్రాచలము నదిని దాటి మన జిల్లాకు వచ్చెను. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినప్పుడు, పోలవరము ప్రాజెక్టు నిమిత్తము ఖమ్మము జిల్లాలోని మండలములు కొన్ని పూర్ణముగను, కొన్ని భాగముగను ఆంధ్రప్రదేశమునకు పోయెను. భద్రాచలపట్టణము తెలంగాణలో నిలిచెను. దాని నానుకొని యున్న ఏటపాక ఆంధ్రలో చేరెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లాయై భద్రాచలము దానికి పోయెను. గాజుమీద అంగుళములో పదవవంతు మందము గల గీత గీసినచో అది రెండు మైళ్ల నేలను కప్పును. ఏటపాకవారు ఆ గీత మందములోనే నివసించుచున్నారు. వారి పిల్లల బడి, ఆసుపత్రి, రేషను కార్డు, ముంపు పరిహారము, ఇవన్నియు గీత ఎటువైపు పడినదను దానిమీద ఆధారపడియున్నవి.

పటము మీద ఒక చిన్న గుర్తు దూరదేశమున ఎట్టి ఫలమిచ్చునో చెప్పుటకు, ఆ బోస్టను నగరమునకును తెలుగువారికిని సంబంధించిన పాతసంగతి యొకటి గలదు. తెలుగుదేశమునకు మిషనరీలను పంపిన అమెరికను బాప్టిస్టు మిషను సమాజమునకు అప్పుడు బోస్టనే కేంద్రస్థానము. వారి మొదటి మిషనరీ శామ్యూలు డే 1836లో వచ్చి, 1840లో నెల్లూరున స్థిరపడెను. సంవత్సరములు గడిచినను విశ్వాసులు మిక్కిలి కొద్దిమందియే. 1853లో ఆల్బనీ పట్టణమున జరిగిన మహాసభలో తెలుగు మిషనును మూసివేయవలెనను మాట వచ్చెను. సభలో మిషనుల పటము వ్రేలాడుచుండెను. అందు స్టేషనులకు గుర్తుగా నక్షత్రము లుండెను. బర్మావైపు నక్షత్రములు పెక్కు. బంగాళాఖాతమునకు ఈవల నెల్లూరున ఒక్కటే. మాటాడుచున్న యొకరు దానిని చూపి ఒంటరి నక్షత్రమనెను. సభలో శామ్యూలు స్మిత్తు అను బోధకు డుండెను. “అమెరికా” అను దేశభక్తిగీతమును రచించినవా డాయనయే. ఆ రాత్రి ఆయన ఆ ఒంటరి నక్షత్రమునుగూర్చి పద్యములు వ్రాయగా మరునాడు సభలో చదువబడెను. మిషనును మూయలేదు. 1865లో క్లౌ దొర ఆ మిషనుకే వచ్చి, ఒంగోలులో పనిచేసెను. 1876 మొదలు 1878 వరకు ప్రబలిన మహాకరవులో బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంతభాగము కంట్రాక్టు తీసికొని, ఆకలితో నున్నవారికి పనియు కూలియు కల్పించెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పటమున నెల్లూరుమీద సిరాచుక్క లేకున్నచో ఇవి యేమగునో ఎవరు చెప్పగలరు?

ఈ కథను నేను మాపేరియమునుండి తిరిగివచ్చునపుడు రైలులో మనుమరాలికి చెప్పితిని. ఆమె తన సంచిలోని భారతదేశపటమును తీసి ఒడిలో పరచుకొని, తల్లాడకు నక్షత్రము పెట్టెదనని పెన్సిలు మోపినది. ఆ చుక్కక్రింద తల్లాడ, వైరా, ఖమ్మము మూడును మరుగుపడినవి. ఆమె దానిని రబ్బరుతో తుడిచి, పెన్సిలును సన్నగా చెక్కుకొని మరల పెట్టసాగినది.